గోడెక్కి కూర్చున్న సర్టిఫికెట్ గారికి

మహారాజశ్రీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ గారికి,

అనంతపురం నుంచి తమ హక్కుదారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా హాల్లో వేంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్కన, గాజు చట్రంలో, తమరు దుమ్ము సోకకుండా క్షేమంగా ఉన్నారు. నేను నిన్న బెంగళూరు వెళ్లి వచ్చాను. నా క్షేమం సంగతి అడగకండి.

ఇంటర్వ్యూకు పిలిచారంటే అది తమ పుణ్యమే, కాదనను. దరఖాస్తులో తమ పేరుండాల్సిన గడి నిండింది కాబట్టే గేటు తెరిచారు. లోపల నెరిసిన జుట్టు పెద్దమనిషి ఒకాయన నన్ను నెట్‌వర్క్ పనిని ఏడంచెలుగా విడదీసి చెప్పే ఓఎస్ఐ లేయర్లు అడగలేదు. పెనుకొండ నుంచి బాగేపల్లి దాకా బస్సులో వల్లెవేసిన, సమాచారానికి దారి వెతికిపెట్టే పద్ధతి ఓఎస్‌పీఎఫ్ జోలికి అసలే పోలేదు. బల్ల మీద కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పాత నెట్‌వర్క్ స్విచ్చు ఒకటి, ఒక ల్యాప్‌టాపు, చదునైన లేత నీలం కేబులు పెట్టి, "ఇందులోకి వెళ్లి దీని పేరు మార్చండి, చాలు" అన్నారు.

పేరు మార్చే కమాండు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయితే మార్చాలంటే ముందు లోపలికి వెళ్లాలి. ఆ నీలం కేబులును కన్సోల్ కేబులు అంటారని తమరి ప్రశ్నపత్రంలో ఉంది, నాలుగు జవాబుల్లో మూడోదానికి టిక్కు కూడా పెట్టాను. అది చేతికి ఎలా తగులుతుందో, ఏ రంధ్రంలోకి పోతుందో ఎవరు చూపించారు? దాని కొస చూడటానికి మామూలు నెట్‌వర్క్ కేబులు లాగే ఉంటుంది. ముందు వరుసలో బారులు తీరిన పోర్టుల్లో ఒకదాంట్లో గుచ్చాను. ఏమీ కాలేదు. పక్కదాంట్లో గుచ్చాను. ఆయన ఓపికగా టీ తాగుతున్నారు. కన్సోల్ పోర్టు వెనకవైపు ఉందని ఆయనే చెప్పారు.

సరే, పెట్టాను. తెర మీద పిచ్చి గీతలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. స్విచ్చు చెడిపోయిందేమో అన్నాను. ఆయన నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేది. స్విచ్చు మాట్లాడేది సెకనుకు 9600 బిట్ల వేగంలో అయితే, ల్యాప్‌టాపులో దానితో మాట్లాడే పుట్టీ అనే ప్రోగ్రాములో కావాలనే 115200 పెట్టి ఉంచారట. "రోజూ చేసేవాళ్లు ఆ గీతలు చూడగానే ముందు వేగం సరిచూస్తారు" అన్నారు. అంతే. "కబురు చేస్తాం" అన్నారు. ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

తమరు ఏం నేర్పించారో ఒక్కసారి గుర్తు చేస్తాను. సప్తగిరి సర్కిల్‌కు కూతవేటు దూరంలో, వంద శాతం ఉద్యోగ హామీ అని బ్యానరు కట్టిన కోచింగ్ సెంటర్లో ల్యాబు అంటే ప్యాకెట్ ట్రేసర్, నెట్‌వర్కును తెర మీద బొమ్మలతో ఆడించే సాఫ్ట్‌వేరు. అందులో స్విచ్చు బొమ్మ మీద నొక్కితే చాలు, కమాండ్లు కొట్టే కిటికీ తెరుచుకుంటుంది. ఏ కేబులు వేయాలో తెలియకపోతే మెరుపు గుర్తు ఉంటుంది, అదే ఎంచి తగిలిస్తుంది. అక్కడ కేబులు వదులవ్వదు, ఎలుక కొరకదు, కరెంటు పోదు. పరీక్షకు వారం ముందు సారు డంప్స్, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, పంచారు. ప్రశ్న పూర్తిగా చదవక్కర్లేదు, రెండు పదాలు చూసి జవాబు గుర్తుపట్టమన్నారు. పెళ్లి మంత్రాలన్నీ కంఠతా పట్టించి, తాళి ఎలా ఉంటుందో చూపించని పురోహితుడి చదువు ఇది. అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బుతో నేను కొనుక్కున్నది దీన్నా!

గడువు సంగతి సరేసరి. సిస్కో వారి నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ మూడేళ్లు, అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్లు మూడేళ్లు, మైక్రోసాఫ్ట్ అసోసియేట్ సర్టిఫికెట్లయితే ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ పునరుద్ధరణకు డబ్బు తీసుకోరట, సంతోషం. తమ వంశంలో ఒక్క బుద్ధిమంతుడు లేడని కాదు. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో టిక్కులు ఉండవు. లినక్స్ యంత్రం అప్పగించి పని చేయమంటారు. రీబూటు చేశాక కూడా చేసిన పని నిలిచి ఉంటేనే మార్కులు. ఆ బుద్ధిమంతుడి ముందు తమరెందుకు తలదించుకోరు?

తమరి మీద అసలు కోపం ఇంకోచోట ఉంది. మా వీధిలో ఫైబర్ ఇంటర్నెట్ చూసే అబ్బాయి ఉన్నాడు. గాలివానకు లైను తెగితే స్తంభమెక్కుతాడు. కేబులు కొసలో ఎర్ర లేజరు వెలిగించి, వెలుతురు ఎక్కడ బయటికి కారుతోందో చూసి, తెగిన చోటు పట్టుకుంటాడు. వెంట్రుక లాంటి గాజు పోగులు రెండింటిని యంత్రంలో పెట్టి అతికిస్తాడు. ఆ 9600 సంగతి రాత్రి చెబితే, "అన్నా, గీతలు వస్తే స్పీడు మార్చాలి కదా" అన్నాడు, అన్నం కలుపుకుంటూ! అతన్ని బెంగళూరు ఎందుకు పిలవదు? తమరి గడి ఖాళీ కాబట్టి. పోనీ అనుభవం గడి నింపుదామా అంటే, జీతం చేతికి నగదుగా ఇచ్చే కేబుల్ ఆపరేటరు అనుభవ పత్రం ఇవ్వడు, పేస్లిప్పు ఇవ్వడు, పీఎఫ్ కట్టడు. వెరిఫికేషన్ వాళ్లు పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు అడిగితే ఆ అబ్బాయి ఏం చూపాలి, చేతుల మీది గాజు గాట్లా?

అనుభవం, అనుభవం అని అందరూ అంటారే, అదీ కాగితమైతేనే అనుభవమట! ఎక్కని స్తంభానికి పత్రం అమ్మే కన్సల్టెన్సీలు మాత్రం దొరుకుతాయి. నీ పేరు చూసి నన్ను లోపలికి పిలిచారు, నీ పేరు లేదని వాణ్ని బయటే ఆపారు. ఇద్దరికీ ఆ ఉద్యోగం లేదు. గోడ మీద నిన్ను చూసి చుట్టాలు మాత్రం "అబ్బాయి సెటిలయ్యాడు" అంటున్నారు. సిగ్గుందా నీకు?

క్షమించాలి, ఏకవచనం దొర్లింది. దించి అటకెక్కిద్దామని కుర్చీ వేసుకున్నాను కూడా. "ఆ చీటీ ఇంకా కడుతున్నా నాయనా, ఉండనీ" అంది అమ్మ. ఉండండి.

సోమవారం నుంచి ఆ అబ్బాయి వెంట నిచ్చెన మోయడానికి వెళుతున్నాను. సాయంత్రాలు అతనికి సబ్‌నెట్లు, అంటే నెట్‌వర్కును చిన్న ముక్కలుగా పంచే లెక్కలు, చెబుతాను. డంప్స్ చూపించను. అతనికీ తమ దర్శనం అయ్యాక, ఏ కంపెనీ అయినా బల్ల మీద నీలం కేబులు పెట్టినప్పుడు, ఒక్కసారైనా తమ పరువు దక్కుతుంది.

ఇట్లు,
తమ గడువు తీరేలోగా ఉద్యోగం వెతుక్కోవలసిన విధేయుడు