సీ గ్రూపు పిల్లలు

సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పదో తరగతి పిల్లలకు ఊపిరి సలపదు. పొద్దున స్పెషల్ క్లాసు, పగలు పాఠాలు, సాయంత్రం మళ్లీ స్పెషల్ క్లాసు, మధ్యలో స్లిప్ టెస్టులు. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చే అమ్మాయి చలిలో ఇల్లు వదిలితే చీకటి పడ్డాకే తిరిగి చేరుతుంది. మధ్యాహ్నం బడిలో తిన్న అన్నమే అప్పటిదాకా ఆధారం. సాయంత్రం గుప్పెడు గుగ్గిళ్లయినా పెట్టమని మేము ఏటా అడుగుతూనే ఉన్నాం.

ఆకలినైనా పిల్లలు ఓర్చుకుంటున్నారు. ఓర్చుకోలేనిది వేరే ఉంది. టెస్టు మార్కులు చూసి వాళ్లను ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీస్తున్నారు. వెనకబడిన వాళ్లను ఎలాగైనా గట్టెక్కించాలన్నదే టీచర్ల తపన, కాదనం. కానీ 'సీ గ్రూపోళ్లు ఇటు రండి' అని వరండాలోంచి పిలిచినప్పుడు లేచి వచ్చే పిల్లవాడిని చూడండి. నోటుబుక్కు ఛాతీకి అదుముకుని, ఎవరి వైపూ చూడకుండా గోడ వారగా నడుస్తాడు. నాలుగు రోజులకు ఊళ్లోనూ అదే పేరు. ఇక టెస్టు ఉన్న రోజల్లా కడుపునొప్పి. ఇంట్లో వాళ్లకు అది బడి ఎగ్గొట్టే సాకులా కనిపిస్తుంది. టెన్షన్‌కు నిజంగానే కడుపు నొస్తుందని, నిద్ర పట్టదని వాళ్లకు చెప్పేవారేరీ?

ఈ ఒత్తిడి పైనుంచి దిగుతోంది. ఫలితాలు రాగానే మన జిల్లా ఎన్నో స్థానం అన్నదే మొదటి ప్రశ్న. కలెక్టరు జిల్లా విద్యాధికారిని (డీఈవో) అడుగుతారు, డీఈవో హెడ్మాస్టరును, ఆయన సబ్జెక్టు టీచరును. ఆ బరువంతా చివరికి పదిహేనేళ్ల పిల్లల నెత్తిన పడుతుంది. ఆ ర్యాంకుల పట్టికను మొదటి పేజీలో వేసే పత్రికలకూ ఇందులో వాటా ఉంది. మాకూ ఉంది.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా పిల్లలను తెలంగాణ పోగొట్టుకుంది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ప్రభుత్వం మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. మార్కుల మెమో కూడా తప్పు కావచ్చని అంత మూల్యం చెల్లించాక తెలుసుకున్నాం. 2023 నుంచి పదో తరగతి పరీక్షలు 11 పేపర్ల నుంచి 6కు తగ్గాయి. మంచి పనే. సీ గ్రూపు మాత్రం పోలేదు.

వీలైనంత వరకు మార్కులను బట్టి పిల్లలను విడదీయొద్దని, నలుగురిలో చిన్నబుచ్చొద్దని 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లోనే చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు అందరికీ కనిపించేలా రాయాలని కూడా చెప్పింది. నంబరు రాయడానికి సుద్దముక్క చాలు. కౌన్సెలర్లను మాత్రం ప్రభుత్వమే నియమించాలి, కనీసం మండలానికి ఒకరితోనైనా ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

మరొక్క మాట. ఫలితాల రోజు టాపర్ల ఇళ్లకు స్వీట్లతో వెళతాం. ఆ సాయంత్రమే ఫెయిలైన పిల్లల ఇళ్లకు టీచర్లు వెళ్లాలి. సప్లిమెంటరీ రాసి పాసైతే ఈ ఏడాదే ఇంటర్‌లో చేరొచ్చని కూర్చోబెట్టి చెప్పాలి. అమ్మానాన్నలు పుణె, ముంబైలకు వలస పోతే నాయనమ్మ దగ్గర ఉంటున్న పిల్లలెవరో ప్రతి బడికీ తెలుసు. ముందు ఆ ఇళ్ల తలుపు తట్టాలి.