వార్డులో చెరిగిపోతున్న పాఠం

ఇబ్రహీంపట్నాన్ని ఎవరూ మరిచిపోయి ఉండరు. తెలంగాణలోని ఆ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేల్చారు. చర్యలు తీసుకున్నామన్నారు. చేతులు, పరికరాలు శుభ్రంగా ఉంచుకోవాలన్న మొదటి పాఠం రేపటి డాక్టర్లకు, నర్సులకు ఎలా అబ్బుతోందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

కాగితం మీద లోటేమీ లేదు. 2019లో ఎంబీబీఎస్ కొత్త సిలబస్ వచ్చినప్పుడే, విద్యార్థి చేరగానే జరిగే ఫౌండేషన్ కోర్సులో రోగి భద్రతను చేర్చారు. 2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లోనైతే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, సేఫ్టీ కలిపి ఒక సబ్జెక్టులో భాగమే అయ్యాయి. ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రత దినం పేరిట ప్రతిజ్ఞలూ ఉంటాయి.

మర్నాడు అదే విద్యార్థి వార్డుకు వెళ్తే ఏం చూస్తున్నాడు? ఒక రోగిని పరీక్షించిన చేతులతోనే పక్క మంచం దగ్గరికి నడిచే పెద్ద డాక్టరును. నోటిమాటగా చెప్పేసి, కేస్‌షీట్‌లో రాయని డోసును. పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోయే పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్లను మామూలు మందులతో కలిపి పెట్టిన ట్రేను. ఆపరేషన్‌కు ముందు అందరూ ఆగి, గట్టిగా చదివి సరిచూసుకోవాల్సిన చెక్‌లిస్ట్‌కు, ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా టిక్కులు పెట్టడాన్ని. క్లాసులో విన్నది పరీక్ష దాకానే గుర్తుంటుంది. వార్డులో చూసింది ముప్పై ఏళ్ల సర్వీసంతా చేతుల్లో ఉంటుంది.

సిబ్బంది తక్కువ, రోగులు ఎక్కువ, అన్నీ పుస్తకంలో ఉన్నట్టు కుదరవని సీనియర్లు అంటారు. కొరత నిజమే. కానీ విద్యార్థి నోరు మూయించడానికి కొరత కారణం కాదు.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. "మేడమ్, ఈ పేషెంటుకు పెన్సిలిన్ పడదని రాసి ఉంది" అని నర్సింగ్ విద్యార్థిని చెప్పబోతే, "నువ్వు నాకు నేర్పుతావా?" అన్న గద్దింపు ఎదురవుతోంది. ఆ పిల్ల ఇంకెప్పుడూ నోరు విప్పదు. పొరపాటు బయటపడితే మెమో అందేది కింది స్థాయి నర్సుకే అని తెలిశాక ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా దాచేస్తారు. దాచిన పొరపాటు మరో వార్డులో, మరో రాత్రి డ్యూటీలో మళ్లీ జరుగుతుంది.

కొత్త కాలేజీలు, పెరిగిన సీట్లు అని ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకుంటున్నాయి. ఆ సీట్లలో చేరినవాళ్లు చూసి నేర్చుకునే వార్డు ఎలా ఉందో తనిఖీ చేసేదెవరు? హాజరు లెక్కపెట్టడంలో ఉన్న పట్టుదల ఇక్కడేమైంది?

ప్రిన్సిపాళ్లు, సూపరింటెండెంట్లు ఈసారి ప్రతిజ్ఞ చేయించే ముందు తమ వార్డులో సింకు దగ్గర సబ్బు ఉందో లేదో చూసి రావాలి. ప్రశ్నించిన విద్యార్థిని గద్దించిన ప్రొఫెసరును వివరణ అడగాలి. అది చేతకాకపోతే, మీరు పాటించని మాటల మీద ఆ పిల్లల చేత ఒట్టు వేయించకండి.