నెల్లూరు చలికి గ్యాస్ గీజరు

నెల్లూరులో చలికాలం ఉందన్న విషయంలో మా ఇంట్లో భేదాభిప్రాయం లేదు. అది ఏ వారంలో వస్తుందన్న దగ్గరే గొడవ. మొన్న ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున 20 డిగ్రీలు చూపించిందో లేదో నాయన మంకీ క్యాప్ తగిలించాడు. గ్యాస్ గీజరు కొనాలని, అదీ గ్యాసు తక్కువ తాగేది కొనాలని కాఫీ చల్లారేలోపు తీర్మానమైంది.

నాయన డైరీ తీశాడు. 20 లీటర్ల బకెట్టు నీళ్లను 25 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే, కొంత వేడి వృథా పోయినా, సుమారు 35 గ్రాముల గ్యాసు చాలు. 14.2 కిలోల సిలిండరుకు 400 బకెట్లు. నలుగురికి 100 రోజులు.

"నూరు రోజులు చలి ఎక్కడయ్యా?" అంది అమ్మ. ఆ ప్రశ్న డైరీలోకి ఎక్కలేదు.

ట్రంకు రోడ్డు షాపులో, ఎప్పుడూ చిన్న మంట వెలుగుతుండేది వద్దు, కుళాయి తిప్పగానే బ్యాటరీ రవ్వతో అంటుకునేది తీసుకోమన్నారు. ఆ చిన్న మంట దుబారా మీద నాయన గంటసేపు ఉపన్యసించాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఫోనులో మునిగిపోయే మనిషే!

అసలు పోరు బిగించేటప్పుడు. మెకానిక్ దాన్ని బాత్రూం బయటే పెడతానన్నాడు. బయటైతే పైపు పొడుగై నీళ్లు దారిలో చల్లారతాయని, ఆదా దెబ్బతింటుందని నాయన అభ్యంతరం. పైగా లోపల వెంటిలేటరుకు ఇప్పటికే అట్టముక్క కొట్టి ఉంది, దోమలని. గాలి చాలకపోతే మంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కక్కుతుందని, సిలిండరు గ్యాసుకు కలిపినట్టు దానికి వాసన కూడా ఉండదని మెకానిక్ నెమ్మదిగా చెప్పాడు. అయిదు గ్రాములు మిగిలి మనిషి పోతే ఏ గడిలో రాయాలో నాయన డైరీలో లేదు. గీజరు బయటికెళ్లింది. అట్టముక్క కూడా ఊడింది.

కుళాయి తిప్పాం. వెలగలేదు. మా ట్యాంకు గీజరుకు నాలుగడుగుల ఎత్తులోనే ఉంది, నీళ్ల ఒత్తిడి చాలదట. పంపు బిగించాలి. ఏ పంపు కరెంటు తక్కువ తాగుతుందో తేల్చేలోపు శివరాత్రి దాటింది.

నిన్న మిట్టమధ్యాహ్నం అమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకుంది.

"రేయ్, రాత్రి పట్టిన చన్నీళ్లేమన్నా ఉన్నాయా?"

నాయన డైరీలో కొత్త పేజీ తిప్పాడు.