డిప్రెషన్‌ మనసులోనే కాదు, రక్తంలోనూ ఉంది

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు 'మనసు గట్టి చేసుకో' అంటూ ఉచిత సలహాలు ఇవ్వడం ఇకనైనా మానాలి. మెదడులో సెరటోనిన్‌ అనే రసాయనం తగ్గడమే దీనికి కారణమన్న పాత కథకు గట్టి ఆధారాల్లేవని 2022లో ఒక సమీక్ష తేల్చడం, దానిపై రచ్చ జరగడం తెలిసిందే. ఆ గొడవలో పడి అందరూ రక్తం సంగతి వదిలేశారు. డిప్రెషన్‌ బాధితుల్లో దాదాపు నాలుగో వంతు మందికి రక్తంలో సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటి ఉంటోంది. పైకి ఏ గాయమూ కనిపించకపోయినా లోపల ఇన్‌ఫ్లమేషన్‌, అంటే రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోవడం, నడుస్తోందన్నమాట.

డిప్రెషన్‌ వల్లే ఇన్‌ఫ్లమేషన్‌ వచ్చి ఉండొచ్చు కదా అంటారా? అదీ జరుగుతుంది. కానీ హెపటైటిస్‌ సి రోగులను చూడండి. వాళ్లకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్‌ ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చేవారు. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే మందు అది. అంతవరకూ మామూలుగా ఉన్నవాళ్లలో కూడా చాలామంది కొన్ని వారాలకే నిద్ర పట్టక, ఆకలి లేక, దేనిమీదా ఆసక్తి లేక డిప్రెషన్‌లోకి జారిపోయేవారు. వాళ్ల మనోబలం ఉన్నట్టుండి ఏమైపోయినట్టు?

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు. ఒత్తిడి వచ్చినప్పుడు విడుదలయ్యే కార్టిసాల్‌ అనే హార్మోన్‌ మామూలుగా ఇన్‌ఫ్లమేషన్‌కు బ్రేకు వేస్తుంది. ఈ జన్యువు జోరు పెరిగితే కణాలు కార్టిసాల్‌ మాట సరిగా వినవు. బాల్యంలో హింసకు గురైనవాళ్లలో, అదీ ఈ జన్యువు ఒక ప్రత్యేక రూపంలో ఉన్నవాళ్లలో, దాని జోరును అదుపులో ఉంచే మిథైల్‌ గుర్తులు (డీఎన్‌ఏకు అంటుకుని ఉండే చిన్న రసాయన ముక్కలు) కొన్ని చోట్ల తగ్గిపోయాయని మ్యూనిక్‌లోని మాక్స్‌ ప్లాంక్‌ సంస్థ పరిశోధకులు 2013లో చూపించారు. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారలేదు, జన్యువు తీరు మారింది. వయసు, ఒత్తిడి కూడా ఇదే జన్యువు మీద గుర్తులను తగ్గించి, ఇన్‌ఫ్లమేషన్‌ను ఎగదోస్తాయని 2019లో మరో పరిశోధన తేల్చింది.

ఊబకాయం, పొగతాగడం కూడా సీఆర్‌పీని పెంచుతాయనీ, రక్తకణాల్లోని గుర్తులను బట్టి మెదడు గురించి చెప్పలేమనీ అనేవాళ్లున్నారు. నిజమే. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మందులకు లొంగని డిప్రెషన్‌ ఉన్న 60 మందిపై పరీక్షిస్తే, మొత్తమ్మీద ఉత్తుత్తి మందు కన్నా మెరుగేమీ కాదని 2013లో తేలింది.

అయితే అదే పరీక్షలో సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లు ఆ మందుతో తేరుకునే సూచనలు కనిపించాయి. తక్కువగా ఉన్నవాళ్లకు ఉత్తుత్తి మందే నయమనిపించింది. అంటే మనం ఒకే పేరు పెట్టి పిలుస్తున్నది ఒకే జబ్బు కాదు. అలాంటప్పుడు ఓ మామూలు రక్తపరీక్ష కూడా చేయకుండా అందరికీ ఒకే రకం మాత్రలు రాసివ్వడం ఏం వైద్యం?

మందుల కంపెనీలు తమ పని తాము చూసుకుంటాయి, వాటి గురించి బెంగ లేదు. నా బెంగ పిల్లల గురించి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. మొదటి పదేళ్లలో హింసకు, నిరాదరణకు గురైనవాళ్లలో 32 ఏళ్ల వయసులోనూ ఇన్‌ఫ్లమేషన్‌ ఎక్కువగా కనిపించింది. అయినా పిల్లల రక్షణ అనగానే పోలీసులు, కోర్టులు, సంక్షేమ శాఖలే గుర్తొస్తాయి. కష్టాల్లో ఉన్న కుటుంబాలకు నర్సును పంపడం, పసిపిల్లల తల్లికి డిప్రెషన్‌ వస్తే వెంటనే వైద్యం చేయడం, కొట్టే ఇంటి నుంచి బిడ్డను తప్పించడం కూడా ఇన్‌ఫ్లమేషన్‌కు చికిత్సలే. టీకాల ఖర్చు ఏ పద్దులో రాస్తారో, వీటి ఖర్చూ అదే పద్దులో రాయాలి.