పక్క మీది ఓవర్‌టైమ్‌కు బిల్లు ఎవరికి పెట్టాలి?

ఆఫీసు సాయంత్రం ఆరింటికి మూసేస్తారని ఒక పుకారు ఉంది. దాన్ని నేను ఖండిస్తున్నాను. నా ఆఫీసు అసలు తెరుచుకునేదే రాత్రి మూడింటికి. కార్డు చూపించక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. ఎడమ పక్క నుంచి కుడి పక్కకు ఒత్తిగిలితే చాలు, హాజరు పడిపోతుంది.

పగటి ఆఫీసులో కనిపించని శ్రద్ధ అక్కడ కనిపిస్తుంది. పగలు నాలుగుసార్లు గుర్తుచేసినా కదలని ఫైలు, రాత్రి దానంతటదే నడిచొచ్చి గుండెల మీద కూర్చుంటుంది. మధ్యాహ్నం మీటింగులో మేనేజరుగారు ‘చూద్దాం’ అన్నారనుకోండి. పగలైతే అది ఒట్టి ‘చూద్దాం’. రాత్రి మూడింటికి నా తలలో కమిటీ కూర్చుని ఆ ఒక్క మాటకు పదకొండు అర్థాలు తీస్తుంది. పదకొండో అర్థం ప్రకారం నా ఉద్యోగం ఊడింది. మూడున్నరకల్లా ఇంటి లోను వాయిదాలు ఆగిపోతాయి. నాలుగయ్యేసరికి బంధువులు జాలిపడటం కూడా పూర్తిచేస్తారు. ఇంత విశ్లేషణ పగలు చేయించాలంటే బయటినుంచి కన్సల్టెంట్లను పిలిపించాలి. నేను దిండు మీద తల పెట్టుకుని ఊరికే చేసిపెడుతున్నాను.

కాబట్టి నా డిమాండు ఒక్కటే. దీన్ని నైట్ షిఫ్టుగా గుర్తించి, ఓవర్‌టైమ్ కట్టివ్వాలి.

శాస్త్రం కూడా నా పక్షానే ఉంది. పూర్తయిన పనులకన్నా మధ్యలో ఆపేసిన పనులే మనిషికి బాగా గుర్తుంటాయని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాల ఆధారంగా రాశారు. అంటే తప్పు నా బుర్రది కాదు, పెండింగు పెట్టినవాళ్లది. సంస్థ సరుకును రాత్రంతా నా తలలో నిలవ ఉంచుతున్నందుకు గోడౌన్ అద్దె కూడా అడగొచ్చు. పెద్దమనసుతో వదిలేస్తున్నాను.

యాజమాన్యం ఏమీ చేయలేదని అంటే కళ్లు పోతాయి. ప్రశాంతంగా నిద్రపోవడం ఎలా అని ఒక ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. రాత్రి తొమ్మిదిన్నరకు. హాజరు తప్పనిసరి. పడుకునే ముందు స్క్రీన్ చూడకూడదని గంటసేపు స్క్రీన్ మీద చూపించారు. చివర్లో పరీక్ష. ఎనభై శాతం రాకపోతే మళ్లీ కూర్చోవాలి. నాకు డెబ్బై తొమ్మిది వచ్చిందేమోనని ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

ఇక ఇంటా బయటా దొరికే సలహా ఒకటుంది, ‘ఆఫీసు గురించి ఆలోచించకు’ అని. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరికి చెప్పి చూసింది. 1987లో వచ్చిన ఆ అధ్యయనంలో, పాపం, వాళ్లకు అదే పదేపదే గుర్తొచ్చింది. వాళ్లది నయం, ఎలుగుబంటి మర్నాడు పొద్దున్నే రిపోర్టు అడగదు.

సాయంత్రం ఐదింటి కాఫీ గురించి కూడా అడక్కండి. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే రాత్రి పదింటికి కూడా అరకప్పు కాఫీ నాతోపాటు డ్యూటీలో ఉన్నట్టే.

నిద్రను కొలిచే వాచీ కూడా కట్టాను. పొద్దున్నే మార్కులు వేస్తుంది. ఒకరోజు హాయిగా నిద్రపోయాననుకుని లేస్తే యాభై రెండు వేసింది. వెంటనే ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. ఈ మార్కుల యావకు 2017లో కొందరు పరిశోధకులు ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు పెట్టారు. పేరు పెట్టినందుకు సంతోషమే. వాచీ తీసి సొరుగులో పడేశాను. అక్కడ అది చక్కగా నిద్రపోతోంది.

డాక్టరుగారు చెప్పినది మాత్రం కొంచెం వేరు. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే పక్క దిగి, వేరే గదిలో మసక వెలుతురులో ఏదైనా చప్పటి పని చేసుకుని, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ వచ్చి పడుకోవాలట. లేకపోతే పక్క అంటే దిగులుపడే చోటని ఒంటికి అలవాటైపోతుందట. గడియారం చూడొద్దన్నారు. చూడకుండా ఇరవై నిమిషాలని ఎలా తెలుస్తుందని అడిగితే, ‘ఉజ్జాయింపుగా’ అన్నారు. ఆ మాట మా ఆఫీసులో ఎవరైనా వాడితే మెమో ఇస్తారు. ఒప్పుకోవాల్సిన సంగతేమిటంటే, ఈ ఉజ్జాయింపు వైద్యం కొంత పనిచేసింది. వారాలు పట్టింది గానీ పనిచేసింది.

నా ఉద్యమానికి అసలు దెబ్బ తీసింది వేరొకటి. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు, సగం మంది అయిపోయిన పనులు రాశారు, సగం మంది చేయాల్సిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

సరే చూద్దామని (ఇది ఒట్టి ‘చూద్దాం’) కాగితం తీశాను. ఓవర్‌టైమ్ బిల్లుకు ఎలాగూ పనుల జాబితా జతచేయాలి కదా, ఒకే దెబ్బకు రెండు పిట్టలు. వివరంగా రాశాను: ఎవరికి ఫోను చేయాలి, ఏ ఫైలు, ఎన్నింటికి, ‘చూద్దాం’ అంటే ఏమిటని ఎవరిని అడగాలి. పద్నాలుగు పనులు. కలం పక్కన పెట్టడం గుర్తుంది. దీపం ఆర్పడం గుర్తులేదు.

తెల్లారి ఆరింటికి మెలకువ వచ్చింది. బిల్లు ఫారంలో ఆ రాత్రి గడి ఖాళీ. మూడింటికి కమిటీ కూర్చుందో లేదో తెలియదు, కూర్చున్నా కోరం లేక వాయిదా పడి ఉంటుంది. ఏడు గంటలపాటు ముందస్తు అనుమతి లేకుండా గైర్హాజరయ్యాను. ఇది రికార్డుల్లోకి ఎక్కితే ఇన్నేళ్ల నైట్ షిఫ్టు సర్వీసు ఏం కావాలి? జీతం కోస్తారా? సంజాయిషీ అడుగుతారా?

మర్నాడు రాత్రి సరిగ్గా మూడింటికి డ్యూటీలో ఉన్నాను.