గోడలో మోగిన ఫోన్

కాలేజీలో డిజైన్ స్టూడియో క్లాసులో ఇచ్చిన పని ఇదీ: పదడుగుల గది ఒకటి, అందులోనే పడక, చదువు, సాయంత్రం పిల్లలకి ట్యూషన్. విజయనగరంలో మా అమ్మమ్మ పొద్దున్నే నులకమంచం గోడకి నిలబెట్టేసి ఈ సమస్య ఎప్పుడో తేల్చేసింది గానీ, ఆవిడ దగ్గర ఆలోచన గీసి చూపించే కాన్సెప్ట్ షీట్ లేదు కదా. నేను గోడలోకి మడిచే మంచాన్ని, కింద బల్లతో సహా, అసలు సైజులోనే ప్లైవుడ్‌తో చేయించాను. ఎంతయిందో ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇలాంటి మంచానికి రెండు పక్కలా దాన్ని పైకి నెట్టే గ్యాస్ పిస్టన్లుంటాయి. పరుపు బరువు కూడా కలిపి లెక్కేసి బిగిస్తారు. "పరుపు లేకండా తెరవకండి బాబూ, ఎగిరి తన్నేస్తాది" అని వడ్రంగి మరీ మరీ చెప్పాడు. పరుపేమో గేటు దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే దానికి గేట్‌పాస్ కావాలి, గేట్‌పాస్ మీద సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నారు. అందుకని మార్కులేసే జ్యూరీ ముందు పరుపు డ్యూటీ నేనే చేశాను, మంచం మీద కూర్చుని.

జ్యూరీ సార్ వచ్చారు. ఫోను, కళ్లజోడు, మార్కుల షీటు నా పక్కనే పెట్టి, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1924లో రీట్‌ఫెల్డ్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ష్రోడర్ ఇంటి గురించి, పై అంతస్తులో అడ్డగోడలు జరిపేస్తే గదులన్నీ ఒకే హాలైపోవడం గురించి చాలాసేపు చెప్పి, "సరే, లే, కింద బల్ల చూపించు" అన్నారు.

"సార్, నేను లేస్తే..."

"నువ్వు ముందు లేవయ్యా!"

లేచాను. మంచం కూడా లేచింది. మొదట పెద్దమనిషిలా నెమ్మదిగా, తర్వాత ఒక్క ఊపున వెళ్లి టక్కున గోడలో కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. లోపల ఏదో జారి, ఇంకేదో దాని మీద పడ్డ చప్పుడు మాత్రం వినిపించింది. అంతలో గోడలోంచి వినాయకుడి శ్లోకం మొదలైంది, సార్ రింగ్‌టోన్. లాగుదామంటే పట్టు లేదు. కిందటి రివ్యూలో "హ్యాండిల్ తీసెయ్, లైన్స్ క్లీన్‌గా ఉండాలి" అన్నది ఈయనే. స్టీలు స్కేలు దూర్చాం, వంగింది. అటెండరు తాళంచెవి దూర్చాడు. శ్లోకం ఆగి మళ్లీ మొదలైంది. "మా ఆవిడే అయ్యుంటుంది" అంటూ సార్ ప్లైవుడ్‌కి చెవి ఆనించి నిలబడ్డారు, ఎత్తకపోయినా విందామన్నట్టు.

వడ్రంగి వచ్చి తీశాడు. కళ్లజోడు ఒక కాలు వంకరపోయింది.

మార్కుల షీటులో రిమార్క్స్ దగ్గర ఒకటే రాశారు: "హ్యాండిల్ లేదు."