చావు సమ్మెకు దిగిన ఒపేరాని సంతాపసభ చేయొద్దు

‘అట్లాంటిస్ చక్రవర్తి’ అనే ఒపేరాలో (పాటలతో నడిచే నాటకం) ఓవరాల్ అనే చక్రవర్తి అందరి మీదా అందరి యుద్ధం ప్రకటిస్తాడు. ఆ మారణకాండకు ఊడిగం చేయనంటూ చావు సమ్మెకు దిగుతుంది. ఉరి తీసినా ప్రాణం పోదు, తూటా తగిలినా సైనికుడు చావడు. చక్రవర్తే ముందు చావడానికి ఒప్పుకుంటే సమ్మె విరమణ. కథ ఇదే. సంగీతం విక్టర్ ఉల్మన్, రచన పీటర్ కీన్. 1943-44లో నాజీల తెరెజిన్ నిర్బంధ శిబిరంలో రాశారు. రిహార్సల్స్ జరిగాయి గానీ ప్రదర్శన జరగలేదు. 1944 అక్టోబరులో ఇద్దరినీ ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు, ఇద్దరూ తిరిగి రాలేదు. తొలి ప్రదర్శన 1975 డిసెంబరులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో.

ఈ చరిత్ర బరువుకు వంగిపోయి దర్శకులు దీన్ని సంతాపసభలా నడిపిస్తే, రచయితలు ప్రాణాలకు తెగించి చేసిన వెక్కిరింత మూగబోతుంది. డప్పు వాయించే పాత్ర చక్రవర్తి బిరుదులు చదివే పాటనే చూడండి. ఆ వరస జర్మనీ జాతీయగీతానిది. 1797లో స్వరకర్త హైడన్ పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రాన్సిస్ కోసం కట్టిన బాణీ అది. ఉల్మన్ దాని స్వరాలు దించి వికృతం చేశాడు. కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపేవాడు) తొలి పాదాన్ని తొందరపెడితే అది ఏ పాటో ప్రేక్షకుడు పోల్చుకోడు. పోల్చుకోకపోతే ఆ దెబ్బ ఎవరికీ తగలదు.

లౌడ్‌స్పీకర్ కూడా ఇందులో ఒక పాత్రే. బయటి కబుర్లన్నీ అతని నోటే వస్తాయి కాబట్టి మాట స్పష్టంగా వినిపించాలి, ఎకో పెట్టకూడదు. గాయకుణ్ని తెర వెనక నిలబెడితే కండక్టర్ కనబడేలా మానిటర్ కావాలి. స్పీకర్ పెట్టె వాద్యకారుల పక్కనే ఉండాలి. హాలు వెనక 17 మీటర్ల దూరంలో పెడితే, గాలిలో శబ్దం వచ్చేసరికే సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం. తాళం తప్పడానికి అది చాలు.

అసలు చిక్కు హార్మోనియంతో. శిబిరంలో దొరికిన వాద్యాలకు తగ్గట్టు రాసిన చిన్న బృందం ఇది: ఓబో అనే గాలి వాద్యం, ఆల్టో సాక్సఫోన్, ట్రంపెట్, బాంజో, హార్మోనియం, కొన్ని తంత్రీ వాద్యాలు. హార్మోనియం రీడ్ల శ్రుతిని అప్పటికప్పుడు సవరించలేం, మిగతావారే దానికి కలుపుకోవాలి. పాత వాద్యం శ్రుతి ఎక్కువగా ఉంటే వయొలిన్లు తీగ బిగించుకుంటాయి, ఓబో మాత్రం అంత పైకి రాలేదు. పద్యనాటకాల్లో గాయకుడు తన గొంతుకు తగ్గ శ్రుతి ఎంచుకుంటాడు, హార్మోనిస్టు మెట్లు మార్చుకుంటాడు. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే గాయకుల కన్నా ముందు హార్మోనియం వెతికి, గాలి వాద్యాలతో కలిపి చూసుకోవాలి. బదులుగా సింథసైజర్ పెడితే శ్రుతి బాధ తీరుతుంది గానీ, తిత్తి ఊపిరి తీసుకునే ఆ చప్పుడు పోతుంది. చావు గురించిన నాటకంలో అది పోకూడదు.

చక్రవర్తి వీడ్కోలు పాటకు రెండు పాఠాలు, అంటే రెండు రకాల సాహిత్యం, ఉన్నాయి. రిహార్సల్ మొదలుకాకముందే ఒకటి తేల్చుకోవాలి, రెండూ కలిపితే అర్థం చెడుతుంది. యుద్ధపు మంట అణగిందే గానీ ఆరలేదని సూటిగా చెప్పే పాఠాన్నే ఎంచుకోవాలి. ఆ తర్వాత చావును అతిథిగా ఆహ్వానిస్తూ నలుగురు పాడే ముగింపు పాట క్రైస్తవ సంస్కర్త మార్టిన్ లూథర్ కీర్తన వరసలో సాగుతుంది. దాన్ని సాగదీయకుండా, గొంతు పెంచకుండా, మామూలు నడకలోనే పాడించాలి.